రోజూ దించి ఇంటికి మోసుకెళ్లే ఇంజనును పడవ వెనక పలకకు గట్టిగా నిలపడం ఎలా?

గోపాలపూర్ కెరటం (ఏప్రిల్ 19)

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా, గోపాలపూర్ దగ్గర సముద్రపు ఒడ్డు. బడిలో చదివింది ఒడియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇక్కడివాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. తెలుగు రాయడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

నాది 24 అడుగుల ఫైబర్ పడవ, రెండేళ్ల కిందట ఒకరి దగ్గర పాతది కొన్నాను. ఇంజను 9.9 గుర్రాల శక్తిది, పడవ వెనక తగిలించి హ్యాండిల్‌తో తిప్పేది. బరువు ఇంచుమించు 40 కిలోలు. దాన్ని తగిలించే పలకను ఇంజను పుస్తకంలో ట్రాన్సమ్ అన్నారు. మేం వెనక పలక అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

మార్చి నెలాఖరులో ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లలో దిగాం. మొదటి కెరటం దాటాం, రెండోదీ దాటాం. మూడోదాని మీద పడవ ముక్కు ఆకాశానికి లేచి దబ్బున పడింది. పడీ పడగానే చేతిలోని హ్యాండిల్ నన్ను పక్కకు ఈడ్చింది. వెనక్కి తిరిగి చూస్తే ఇంజను పలక మీద వంకరగా కూర్చుంది. ఎడమవైపు క్లాంపు, అంటే ఇంజనును పలకకు మరతో పట్టి ఉంచే కొక్కెం, అంగుళం మేర పైకి జారిపోయింది, పంకా ఇంకా తిరుగుతూనే ఉంది. మా బావమరిది గభాలున వచ్చి ఇంజను మెడ కౌగిలించుకుని కూర్చున్నాడు. నేను తడుముకుని ఆపే మీట నొక్కాను. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరాం. ఆ రోజు వేట లేదు, ఎవరికీ నోట మాట కూడా లేదు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ తెల్లవారుజామున ఎక్కించేటప్పుడే క్లాంపుల మరలు రెండూ నా బలమంతా పెట్టి బిగించాను. పడవ కొన్నప్పటినుంచి రోజూ అలాగే బిగిస్తున్నాను. అయినా ఎప్పుడు చూసినా పావు చుట్టు వదులుగానే కనిపిస్తాయి.

పలక లోపలివైపు, మరల చివర ఉండే గుండ్రటి బిళ్లలు ఆనే చోట రెండు గుంటలు పడ్డాయి. బొటనవేలి గోరు మునిగేంత లోతు. చుట్టూ ఫైబర్ సాలెగూడులా చిట్లింది. వాటికి జానెడు కింద పాత యజమాని వేసిన బోల్టు బెజ్జం ఒకటి ఉంది, అందులో ఏదో మెత్తటి బంక కూరి వదిలేశాడు. పడవను ఒడ్డుకు లాగాక పూటంతా అందులోంచి టీ నీళ్ల రంగులో చెమ్మ కారుతుంది.

ఒడ్డున ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు. ఒకాయన మర హ్యాండిల్‌కు ఇనుప పైపు తొడిగి బిగించమన్నాడు. ఇంకొకాయన బోల్టులు వేసి శాశ్వతంగా బిగించేయమన్నాడు. అది కుదరదు. ఇంజను రాత్రిపూట మా ఇంట్లో మంచం పక్కన పడుకుంటుంది. ఒడ్డున వదిలేస్తే తెల్లారేసరికి ఉంటుందన్న ధైర్యం నాకు లేదు. రోజూ దించాలి, రోజూ ఎక్కించాలి.

పలక మందం 40 మిల్లీమీటర్లు. మధ్యలో ఎత్తు 17 1/2 అంగుళాలు. ఇంజను పొడుగు షాఫ్టుది, అంటే తగిలించే చోటునుంచి పంకా పైని రెక్క దాకా 20 అంగుళాలు. జూన్ మధ్య దాకా వేటకు వెళ్లను కాబట్టి పని చేసుకోవడానికి చేతిలో సమయం ఉంది. ఏం చేయమంటారు?

డొంకూరు వల (ఏప్రిల్ 19)

అన్నా, మాది సరిహద్దుకు ఇవతల, ఇచ్ఛాపురం మండలం. మీకు ఇంజను మిగిలింది, మాకు మూడేళ్ల కిందట అది కూడా మిగల్లేదు. ఇలాగే క్లాంపు జారి నీళ్లలోకి దిగిపోయింది. మర్నాడు వలతో గాలించి పైకి తీశాం గానీ, తీసిన సంబరంలో ఒడ్డున ఎండలో పెట్టి టీ తాగడానికి వెళ్లాం. అదే మేం చేసిన తప్పు. ఉప్పునీళ్లలో మునిగిన ఇంజనుకు గాలి తగిలితే గంటల్లోనే లోపలంతా తుప్పు మొదలవుతుందట. మెకానిక్కు వచ్చేదాకా మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచాల్సింది.

మీరు గొలుసు సంగతి రాయలేదు. ఇంజనుకు గొలుసు కట్టారా?

గోపాలపూర్ కెరటం (ఏప్రిల్ 19)

గొలుసు లేదు తమ్ముడూ. నైలాన్ తాడు ఉంది. దాని ఒక కొస క్లాంపు మర హ్యాండిల్‌కే కట్టి ఉంది. ఇలా రాస్తుంటే ఎంత తెలివితక్కువ పనో తెలుస్తోంది.

బాహుదా మొగ పాత పానా (ఏప్రిల్ 20)

బాబూ, నాది సోనాపూర్ వైపు. ఒడ్డునే కూర్చుని 31 ఏళ్లుగా ఈ ఇంజన్లు విప్పుతున్నాను. వయసులో పెద్దవాణ్ణి, నువ్వు అనే పిలుస్తాను.

ఇప్పుడే జవాబు చెప్పను. మందు రాసే ముందు నాడి చూడాలి. ఈ మూడు పనులు చేసి ఇక్కడ రాయి.

స్క్రూడ్రైవర్ తిరగేసి దాని పిడితో పలకంతా జానెడు జానెడుకూ తట్టుకుంటూ పో. బాగున్న చోట టక్కుమని తలుపు తట్టినట్టు మోగుతుంది. లోపల చెక్క చివికిన చోట నానిన అట్టపెట్టెను తట్టినట్టు డప్పుమంటుంది. ఆ మేరకు బొగ్గుతో గీత గియ్యి.

తరవాత లోపలివైపు నుంచి, బయటికి పొడుచుకుపోకుండా, మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో నాలుగైదు చోట్ల చిన్న బెజ్జాలు వెయ్యి. వచ్చే పొట్టును అరచేతిలో వేసుకుని నలిపి చూడు. తెల్లగా పొడిగా వస్తే మంచిది. నల్లగా, నలిపితే వేళ్లకు అంటుకుంటూ వస్తే అక్కడ చెక్క పోయింది.

చివరగా ఇంజను ఎక్కించి బిగించి, కింద కాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపు. నీ బావమరిదిని పడవలో కూర్చోబెట్టి, పలక పక్కగోడలను కలిసే మూలల మీద వేలు ఆనించి ఉంచమను. మూల కదిలితే వేలికి తెలుస్తుంది.

పైపు తొడగమన్నాయన దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లకు.

గోపాలపూర్ కెరటం (ఏప్రిల్ 22)

బాబాయ్ గారూ, చేశాను. మూలలు కదలడం లేదు. పలక పైభాగం, రెండు పక్కలూ టక్కుమంటున్నాయి. పాత బెజ్జం చుట్టూ అరచేయంత మేర డప్పుమంటోంది. అక్కడ వేసిన బెజ్జంలోంచి వచ్చిన పొట్టు కాఫీ పిప్పిలా ఉంది, పిండితే నీళ్లు కారాయి. మరల గుంటల దగ్గర పొట్టు పొడిగానే ఉంది గానీ రంగు మారింది. ఫోటోలు పెట్టాను.

బాహుదా మొగ పాత పానా (ఏప్రిల్ 22)

అయితే పడవ బతికే ఉంది. ఇక విను, కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు నీ ప్రశ్నకే వస్తాను. ఎంత బిగించినా ఎందుకు వదులవుతోంది? గునపంతో రాయిని పెకలించడం చూశావుగా. ఇంజను అలాంటి గునపమే. పంకా తోపు పుట్టేది పలక దగ్గర కాదు, దానికింకా కింద, నీళ్లలో. అది కిందినుంచి ముందుకు తోస్తుంటే బ్రాకెట్టు, అంటే ఇంజనును పలకకు తగిలించే చట్రం, దాని కింది అంచు పలకను నొక్కుతుంది, పైభాగం వెనక్కి ఊడి రావాలని చూస్తుంది. గేరు వెనక్కి వేస్తే ఇదంతా తలకిందులవుతుంది. దీనికి తోడు కెరటం మీంచి పడిన ప్రతిసారీ ఆ 40 కిలోలూ సమ్మెట దెబ్బలా దిగుతాయి. ఇన్నింటినీ ఆపాల్సినవి వేలెడంత మరలు రెండు. అవి ఉక్కువి, వాటికేం కాలేదు. వాటి బిళ్లల కింద ఉన్న ప్లైవుడ్డు నలిగింది. చెక్క ఒక్క మిల్లీమీటరు నలిగితే మర ఒక్క మిల్లీమీటరు వదులైనట్టే. నువ్వు రోజూ బిగిస్తున్నానని అనుకున్నావు. నిజానికి రోజూ బిళ్లను చెక్కలోకి ఇంకొంచెం దించావు. పైపు తొడిగితే అదే పని ఇంకా తొందరగా అవుతుంది, లేదా అల్యూమినియం బ్రాకెట్టు పుటుక్కుమంటుంది. ఈ రెండూ నా చేతి మీదుగా వెళ్లాయి.

అందుకని మర సంగతి వదిలెయ్, మర ఆనే చోటును బాగు చెయ్యాలి.

చివికిన చెక్క తీయించడం మొదటి పని. లోపలివైపు ఫైబర్ పొరను గీసిన గీత కంటే నాలుగు వేళ్లు ఎక్కువగా కోయించు, నల్లటిదంతా ఉలితో తీయించు. ఆ తరవాత తొందరపడకు. ఎండలో, పైన పట్టా కప్పి, గాలి ఆడేలా కనీసం పది రోజులు ఆరనియ్యి. తడి చెక్క మీద రెసిన్, అంటే ఫైబర్‌ను అతికించే జిగురు, వేస్తే అది అతుక్కోదు, ఆ తడి లోపలే కూర్చుని మళ్లీ కుళ్లబెడుతుంది. ఆరాక మెరైన్ ప్లైవుడ్డు ముక్క పెట్టి మీద ఫైబర్ గుడ్డ, అదే మ్యాట్, వేయించు.

రెండోది ఎత్తు. పలక 17 1/2, షాఫ్టు 20. అంటే పంకా పైన ఉండే అడ్డరెక్క పడవ అడుగు కంటే రెండున్నర అంగుళాలు కిందికి దిగుతోంది. ఆ రెక్క అడుగుకు సమానంగా గానీ, అంగుళం కిందికి గానీ ఉండాలి. మనం కెరటాలు దాటేవాళ్లం, పంకా గాలి పీల్చకుండా ఉండాలి కాబట్టి అంగుళం కిందికే పెట్టుకుందాం. అందుకు పలక నెత్తిన అంగుళంన్నర టేకు దిమ్మ వేసి, దాన్ని కూడా ఫైబర్‌తో చుట్టించు. ఎత్తు సరిగ్గా ఉంటే నీళ్లలో ఈడ్పు తగ్గుతుంది, నూనె ఖర్చూ తగ్గుతుంది.

మూడోది రేకులు. లోపలివైపు ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, రెండు మరల బిళ్లలూ ఆనేంత వెడల్పు, టేకు దిమ్మ అతుకు మీదుగా కిందికి జానెడు దిగేంత పొడవు. దాని పై అంచున చిటికెన వేలంత మందాన గట్టు ఉండాలి. బిళ్ల ఆ గట్టు కింద కూర్చుంటుంది. రేపు మర వదులైనా క్లాంపు పైకి జారాలంటే గట్టు అడ్డం వస్తుంది. నీ ఎడమ క్లాంపు ఆ రోజు అంగుళం లేచిందన్నావే, ఈ గట్టు ఉంటే లేచేది కాదు. బయటివైపు మూడు మిల్లీమీటర్ల రేకు చాలు. నాలుగు మూలల్లో చిన్న బోల్టులతో రెండు రేకులనూ కలిపి పలకను మధ్యలో ఇరికించు. అన్నట్టు, రేకులతో కలిపి మందం 49 మిల్లీమీటర్లు అవుతుంది. నీ క్లాంపు అంత తెరుచుకుంటుందో లేదో ముందే కొలుచుకో, రేకులు కోయించాక కాదు.

ఇక అసలు సంగతి, రోజూ దించడం. నీ బ్రాకెట్టు కింది భాగంలో రెండు బెజ్జాలు ఉంటాయి, చాలామంది వాటిలో మట్టి చేరనిస్తారు. అవి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుల కోసం. నువ్వు బోల్టు వద్దంటున్నావు, నేను వేయమంటున్నాను. కాని బోల్టును చెక్కలోంచి పోనియ్యకూడదు. గొట్టంలోంచి పోనియ్యాలి.

బ్రాకెట్టు బెజ్జాలకు ఎదురుగా పలకలో బొటనవేలు దూరేంత బెజ్జం వెయ్యి. వెనకవైపు టేపు అంటించి, ఎపాక్సీని, అంటే రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురును, గట్టి పిండిలా కలిపి నిండా కూరు. ఒక రోజు వదిలెయ్. గట్టిపడ్డాక దాని నడుమ మళ్లీ బెజ్జం వేసి, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు వదులు లేకుండా జారేంత స్టెయిన్‌లెస్ గొట్టం ముక్కను ఎపాక్సీతోనే అతికించు. గొట్టం పొడవు రేకులతో సహా మందానికి సరిగ్గా సమానంగా ఉండాలి, వెంట్రుకవాసి కూడా తక్కువ ఉండకూడదు. అప్పుడు నట్టు ఎంత బిగించినా ఆ పట్టు గొట్టం మీద పడుతుంది, చెక్క నలగదు. రోజూ బోల్టు తీసి పెట్టినా చెక్కకు చుక్క నీరు అంటదు. పొద్దున రెండు నట్లు, సాయంత్రం రెండు నట్లు, ఒక్క 13 నంబరు పానా. ఎంతసేపు పడుతుంది? బీడీ ముట్టించేంత సేపు.

బోల్టు తల మీద ఏ4 అని చెక్కి ఉన్నది కొను. ఏ2 అని ఉన్నది కూడా స్టెయిన్‌లెస్సే, కాని ఉప్పునీటికి త్వరగా లొంగుతుంది. దారాలకు గ్రీజు రాయకుండా స్టెయిన్‌లెస్ నట్టు తిప్పకు. పొడిగా తిప్పితే మధ్యలో పట్టేసి ముందుకూ రాదు, వెనక్కూ రాదు, రంపంతో కోయాల్సిందే. మూలల బోల్టులకు నైలాన్ రింగున్న నట్లు వెయ్యి. వాటి బెజ్జాలకు కూడా ముందు ఎపాక్సీ కూరి, గట్టిపడ్డాక దానిలోంచే బెజ్జం వేసి, పడవలకు వాడే పాలీయురితేన్ బంక పెట్టు. స్నానాలగదికి వాడే సిలికాన్ వద్దు. బంక పెట్టాక తలను కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పు. తలను తిప్పితే దాని కింద బంక చిరిగి, నీటికి దారి నువ్వే వేసినట్టవుతుంది.

గొలుసు గురించి డొంకూరు అబ్బాయి అడిగింది సరైన మాటే, కట్టాల్సిందే. ఒక కొస ఇంజను బ్రాకెట్టుకు, రెండో కొస పడవలో వేరుగా వేసిన కొక్కేనికి. క్లాంపు హ్యాండిల్‌కు కాదు. పొడవు మరీ ఎక్కువ పెట్టకు. పొడుగు గొలుసుకు వేలాడే ఇంజను నీళ్లలో మునగనైనా మునుగుతుంది, తిరుగుతున్న పంకాతో మీ మీదికైనా వస్తుంది.

ఇంకొక్క మాట, ఇది కోపంతోనే చెబుతున్నాను. ఆపే మీట తడుముకుని నొక్కానన్నావు. దానికి ఎర్రటి చుట్టల తాడు ఒకటి ఇచ్చారు. ఒక కొస మీటకు, రెండో కొస నీ నడుముకు. నువ్వు కింద పడ్డా, పక్కకు ఒరిగినా తాడు ఊడి ఇంజను ఆగుతుంది. నేను చూసిన పడవల్లో ఆ తాడు ఇంజను మెడకు పూలదండలా చుట్టి ఉంటుంది. మీ బావమరిది కౌగిలించుకున్న మెడకు కూడా చుట్టే ఉంటుందని నా అనుమానం.

బారువ పంకా (ఏప్రిల్ 23)

ఇంత శ్రమ ఎందుకండీ? ఇనుప యాంగిల్‌తో చట్రం వెల్డింగ్ చేయించి పలక మీద కూర్చోబెడితే సరిపోతుంది కదా. మా నాన్నగారు అలాగే చేయించారు.

బాహుదా మొగ పాత పానా (ఏప్రిల్ 23)

చట్రం ఎన్నాళ్లు ఉంది బాబూ? ఉప్పునీళ్లలో ఇనుము పెచ్చులు పెచ్చులుగా ఉబ్బుతుంది, ఉబ్బి ఫైబర్‌ను చీలుస్తుంది. ఇనుము, అల్యూమినియం ఆనుకున్న చోట తడి తగిలితే అల్యూమినియం తెల్లటి పొడి రాలుస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టు దగ్గర కూడా ఇది కొంత జరుగుతుంది, అందుకే గ్రీజు రాయమన్నాను.

బారువ పంకా (ఏప్రిల్ 23)

రెండేళ్లు ఉంది.

బరంపురం ఫైబర్ పని (ఏప్రిల్ 25)

పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. అరచేయంత చివికింది, నాలుగు వేళ్లు ఎక్కువ కోస్తే చాలు అన్నారు. ప్లైవుడ్డులో తడి తట్టిన చోట ఆగదు, పొరల వెంట పాకుతుంది. డప్పుమనేది బాగా చివికాక. చివకడం మొదలైన చెక్క ఇంకా టక్కుమనే మోగుతుంది. అన్నా, లోపలి పొర కోశాక ప్రతి రెండు అంగుళాలకూ డ్రిల్లు వేసి చూడండి. పొడి పొట్టు వచ్చేదాకా కోసుకుంటూ పోవాలి. సగం పలక పోయినా వెనకాడవద్దు.

ఇంకొకటి. మా దగ్గర పడవలన్నీ మామూలు పాలియెస్టర్ రెసిన్‌తో చేస్తాం, చవక కాబట్టి. కొత్తగా కట్టేటప్పుడు అది బాగానే ఉంటుంది. మరమ్మతుకు, అందులోనూ చెక్కను అతికించడానికి, ఎపాక్సీయే వాడండి. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. కాబట్టి ఒకసారి ఎపాక్సీ మొదలుపెడితే మ్యాట్ కూడా దానితోనే వేయాలి, అది కూడా ఎపాక్సీకి పనికొచ్చే గుడ్డ అయి ఉండాలి. ఖర్చు ఎక్కువే. నాకు పని వస్తుందని చెప్పడం లేదు. మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఎదురుగా కూర్చుని డబ్బా మీద పేరు చదవండి.

బాహుదా మొగ పాత పానా (ఏప్రిల్ 25)

ఫైబర్ విషయంలో ఆయన మాటే వినండి. నాది పానా పని.

గోపాలపూర్ కెరటం (మే 21)

అందరికీ కబురు చెబుదామని వచ్చాను. పొర కోశాం. ఫైబర్ పని అన్న చెప్పిందే నిజమైంది. అరచేయి అనుకున్నది అన్నం పళ్లెమంత అయింది. పాత బెజ్జం నుంచి కిందికి, పడవ అడుగు దాకా ఒక నల్లటి చార. చెక్క తీస్తుంటే వేలితోనే ఊడివచ్చింది, పుట్టగొడుగు వాసన. నా ఇంజను రెండేళ్లుగా దేని మీద వేలాడిందో చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత యజమాని ఒకే ఒక బెజ్జం వేసి మెత్తటి బంక కూరాడు. అంతే, దానివల్ల ఇంత.

పది రోజులు అనుకున్నది పద్దెనిమిది రోజులు ఆరబెట్టాం, మధ్యలో రెండు వానలు పడ్డాయి. పైన పట్టా వేసి పక్కలు వదిలాం. మా నాన్న రోజూ సాయంత్రం వచ్చి చెక్కకు చెంప ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టేనట. ఆయన కాలంలో తెప్ప దుంగలను అలాగే చూసేవారు.

ఏ4 బోల్టులు ఇచ్ఛాపురంలో దొరకలేదు, బరంపురంలో దొరికాయి. గొట్టం ముక్కలు లేతు యంత్రం మీద కోయించాను. కోసినాయన "ఇంత చిన్న ముక్క ఎందుకు" అని మూడుసార్లు అడిగాడు. మొదటి ముక్క అర మిల్లీమీటరు తక్కువ వచ్చింది. బాబాయ్ గారి మాట గుర్తొచ్చి మళ్లీ కోయించాను.

ఒక సందేహం. బోల్టు రోజూ తీసేదే కాబట్టి దానికి కూడా నైలాన్ రింగు నట్టు వేయవచ్చా?

బాహుదా మొగ పాత పానా (మే 21)

వద్దు. ఆ రింగు తీసి పెట్టిన కొద్దీ అరిగి పట్టు పోతుంది. రోజూ తీసే రెండింటికీ మామూలు నట్టు, కింద స్ప్రింగు వాషరు, దాని కింద పెద్ద బిళ్ల వాషరు వెయ్యి. తీసినప్పుడల్లా నట్లు రెండూ చిన్న తాడుకు గుచ్చి పడవకు కట్టు. చీకట్లో చేయి జారితే ఇసుకలో వెతకలేవు. జేబులో రెండు నట్లు అదనంగా ఉంచుకో.

మొదటి రోజు వేటనుంచి రాగానే అన్నీ మళ్లీ బిగించి చూడు. కొత్త బంక, కొత్త దిమ్మ కాస్త సర్దుకుంటాయి.

గోపాలపూర్ కెరటం (జూన్ 17)

15న దిగాం. గాలి దక్షిణం నుంచి గట్టిగానే ఉంది, నాలుగు వరసల కెరటాలు. మూడోదాని మీద పడవ అలాగే లేచి అలాగే పడింది. హ్యాండిల్ చేతిలో నిలబడింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను గానీ చూశాను. మా బావమరిది అప్పటికే ఇంజను పక్కన కూర్చుని మెడ మీద చేయి వేసి ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది. ఎర్ర తాడు ఇప్పుడు నా నడుముకు ఉంది. బాబాయ్ గారి అనుమానం నిజమే, అంతకుముందు అది ఇంజను మెడకే చుట్టి ఉండేది.

ఇంజను వేగం కూడా కొంచెం పెరిగినట్టుంది. వెనక లేచే నీటి జల్లు తగ్గింది. ఎత్తు వల్లే అనుకుంటాను.

ఒడ్డుకు రాగానే అన్నీ చూశాను. గొట్టాల బోల్టులు కదల్లేదు. మూలల నాలుగింటిలో పైన ఎడమది మాత్రం పావు చుట్టు తిరిగింది, మిగతా మూడు గట్టిగా ఉన్నాయి. బిగించాక నట్టు మీదినుంచి రేకు మీదికి అడ్డంగా ఒక సన్నటి ఎర్ర గీత గీశాను. నట్టు తిరిగితే గీత విడిపోతుంది, పానా పెట్టకుండానే తెలుస్తుంది. ఇవాళ మూడో రోజు, గీతలు కలిసే ఉన్నాయి. గీసింది మా ఆవిడ గోళ్ల రంగుతో. సీసా ఇంకా పడవలోనే ఉంది, ఇంట్లో రెండు రోజులుగా వెతుకుతున్నారు.